ర్యాలీ కారు కొనేముందు తేదీ అడగండి

మీరు రాసింది టూకీగా ఇదీ: ఉండేది అమలాపురం దగ్గర. హాట్ వీల్స్ కంపెనీ మామూలు రకం (మెయిన్‌లైన్) బొమ్మకార్లు వంద దాకా పోగయ్యాయి. ఇకమీద ర్యాలీ కార్లు, అంటే ర్యాలీ అనే కారు పోటీల్లో తిరిగిన బండ్ల నమూనాలు మాత్రమే కొనాలనుకుంటున్నారు. 1:64 (అసలు కారులో 64వ వంతు) సైజులోనే ఉండాలా, 1:43కి మారాలా? బీరువాలో పెట్టిన కొన్నింటి టైర్లు జిగురు పట్టాయి, ఇరుసులకి తుప్పు కనబడుతోంది, ఏం చెయ్యాలి? బండి అంటించి వచ్చే అట్ట (కార్డు) విప్పాలా, అలాగే ఉంచాలా? వీటన్నిటి చివర, విశాఖలో ఒకాయన ‘లాన్చియా స్ట్రాటోస్, అలిటాలియా, మోంటే కార్లో 1974’ అని చీటీ ఉన్న 1:43 బండి 2,800 రూపాయలకి ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా అని.

ఆ స్ట్రాటోస్ సంగతి ముందు తేల్చేద్దాం, ఆయన మీ జవాబు కోసం చూస్తూ ఉంటాడు కదా. ఆ చీటీని నమ్మి ఆ ధర పెట్టకండి. 1974లో మోంటే కార్లో ర్యాలీ అసలు జరగనే లేదండి. అంతకు ముందు ఏడాది చివర్లో వచ్చిన చమురు సంక్షోభం దెబ్బకి రద్దు చేశారు. పైగా స్ట్రాటోస్‌కి పోటీల్లో దిగే గుర్తింపు వచ్చిందే 1974 అక్టోబరులో. ఆ ఏడాది అది తిరిగింది మార్ల్‌బొరో సిగరెట్ రంగుల్లో. తెలుపు మీద ఆకుపచ్చ, ఎరుపు పట్టీలుండే అలిటాలియా (ఇటలీ విమాన సంస్థ) రంగులు 1975లో మొదలయ్యాయి. ఆ బండితో సాండ్రో మునారి 1975, 76, 77 వరసగా మూడేళ్లు మోంటే గెలిచాడు. కాబట్టి ఆయన దగ్గరున్నది ఆ మూడింట్లో ఏదో ఒకటై, చీటీ మాత్రం తప్పయినా అయ్యుండాలి, లేదా మామూలు స్ట్రాటోస్‌కి ఎవరో ఇంట్లో కూర్చుని స్టిక్కర్లు అంటించినా అయ్యుండాలి. తలుపు మీద నంబరు, బానెట్ మీద ర్యాలీ ప్లేటు, కింద బేస్ మీద కంపెనీ పేరు, ఈ మూడింటి ఫొటోలు దగ్గర నుంచి తీసి పంపమనండి. పంపితే బేరం. పంపకుండా “అరుదైన పీసు సార్, ఇంకొకళ్లు అడుగుతున్నారు” అన్నాడంటే నమస్కారం పెట్టెయ్యండి.

దీన్ని ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. రోడ్డు మీద తిరిగే కార్ల బొమ్మలకి ఈ పేచీ లేదు. ఎర్ర ఫెరారీ అంటే ఎర్ర ఫెరారీయే, షోరూములోంచి వచ్చిన ఏ బండైనా కావచ్చు. ర్యాలీ బండి అలా కాదు. ఫలానా ఏడాది, ఫలానా ర్యాలీలో, ఫలానా డ్రైవరు తన కో-డ్రైవరుని పక్కన కూర్చోబెట్టుకుని తోలిన ఒకే ఒక్క బండికి అది నమూనా. దానికొక తేదీ ఉంటుంది. ఆ తేదీ తెలియకుండా కొంటే మీ చేతిలో మిగిలేది స్టిక్కర్లున్న కారు, అంతే.

మోంటే మినీ కూపర్లనే తీసుకోండి. 1964లో ప్యాడీ హాప్‌కిర్క్ గెలిచిన బండి నంబరు ప్లేటు 33 ఈజేబీ, తలుపు మీద 37. 1965లో టిమో మాకినెన్‌ది ఏజేబీ 44బీ, తలుపు మీద 52. 1967లో రౌనో ఆల్టొనెన్‌ది ఎల్‌బీఎల్ 6డీ, తలుపు మీద 177. మూడింటికీ ఎర్ర ఒళ్లు, తెల్ల టాపు. అమ్మేవాడికి మూడూ ఒకటే, ‘మినీ మోంటే’ అని ఒకే ఫొటో పెట్టేస్తాడు. మధ్యలో 1966లో మినీలు మొదటి మూడు స్థానాల్లోనూ వచ్చాయి. హెడ్‌లైట్ల బల్బులు నిబంధనకి లేవని నిర్వాహకులు మూడింటినీ కొట్టేసి, కప్పు తీసుకెళ్లి సిట్రోయెన్ చేతిలో పెట్టారు. గెలిచిన మూడేళ్ల బండ్లకన్నా ఓడించబడిన ఆ 1966 బండినే పనిగట్టుకుని వెతుక్కునేవాళ్లు ఉన్నారు. నాకైతే అదే సరైన సరదా అనిపిస్తుంది.

ఇక దేనితో మొదలుపెట్టాలంటారా, ‘ర్యాలీ కార్లు’ అని మొత్తం మీద పడకండి. డబ్బూ చాలదు, బీరువా చాలదు. ఒక ర్యాలీనో, ఒక డ్రైవర్నో, ఒక కంపెనీనో పట్టుకోండి. నన్నడిగితే సఫారీ ర్యాలీ పట్టుకోమంటాను.

అది తూర్పు ఆఫ్రికాలో 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం పేరు మీద మొదలైంది. 1973లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ పెట్టిన మొదటి ఏడాదే అందులో చేరింది. 2002 తర్వాత ఆ జాబితాలోంచి పోయి, మళ్లీ 2021లో వచ్చింది. ఒకప్పుడు ఈస్టర్ రోజుల్లో, అక్కడ వానలు దిగే సమయానికి నడిపేవారు. ఎండితే మోకాలి లోతు దుమ్ము, తడిస్తే బండి బొడ్డు దాకా బురద. వరద తీసిన తర్వాత లంక గ్రామాల్లో మోటారు సైకిలు నడిపినవాళ్లకి ఆ ఫొటోల గురించి వేరే చెప్పక్కర్లేదు.

మనకి ఇంకా దగ్గరి సంగతి, ఆ ర్యాలీని ఏలినవాళ్లలో ఇద్దరు మన మూలాలున్నవాళ్లు. ఒకాయన జోగిందర్ సింగ్, కెన్యా సిక్కు. 1965లో తమ్ముడు జస్వంత్‌ని పక్కన పెట్టుకుని వోల్వో పీవీ544తో గెలిచాడు. మళ్లీ 1974లో, 1976లో మిత్సుబిషి లాన్సర్‌తో. రెండో ఆయన శేఖర్ మెహతా, ఉగాండాలో పుట్టినవాడు. 1973లో డాట్సన్ 240జడ్‌తో ఒకసారి, ఆ తర్వాత 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగేళ్లు డాట్సన్ వయొలెట్‌తో. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఉండగా ఐదు సఫారీలు గెలిచినవాడు ఇంకొకడు లేడు. ఇద్దరివీ కలిపితే ఎనిమిది గెలుపులు. అంటే ఎనిమిది బండ్లు, బీరువాలో ఒక్క అర. ఇంత పొందికైన జాబితా మీకు ఇంకెక్కడా దొరకదు. అన్నీ ఒకేసారి దొరకవు, కొన్నింటికి ఓపిక పట్టాలి.

240జడ్ దగ్గర జాగ్రత్త. 1971లో సఫారీ గెలిచిందీ ఆ మోడలే, అదీ ఎర్ర ఒళ్లు, నల్ల బానెటే. అది ఎడ్గర్ హెర్మన్ తోలినది, తలుపు మీద 11. మెహతా బండి మీద 1. ఆన్‌లైన్లో ఎక్కువగా కనబడేది 11వ నంబరుది. అదీ మంచి బండే. కాకపోతే మెహతాది అనుకుని కొనకండి.

సఫారీ బండిని పట్టుకునే గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి. యూరప్ ర్యాలీల్లో తిరిగిన బండికన్నా ఇది నేల నుంచి ఎత్తుగా ఉంటుంది. ముందు పశువులు, అడవి జంతువులు తగిలితే కాచుకోడానికి ఇనప కడ్డీల గార్డు ఉంటుంది. చాలా బండ్లకి ముందు మడ్‌గార్డుల పైన అటొకటి ఇటొకటి అదనపు లైట్లుంటాయి, ఎదురుగా వచ్చేవాళ్లకి దుమ్ములో కనబడాలని. తర్వాతి కాలపు బండ్లకి కొన్నింటికి, ఏరు దాటేటప్పుడు ఇంజన్‌లోకి నీళ్లు పోకుండా అద్దం పక్కనుంచి పైకి లేచిన గొట్టం కూడా ఉంటుంది. చవక తయారీదార్లు ఏం చేస్తారంటే, మోంటే కోసం చేసిన అచ్చులోంచే బండి తీసి, పైన సఫారీ స్టిక్కరు వేసి వదిలేస్తారు. గార్డు లేదు, లైట్లు లేవు, బండి నేలకి కరుచుకుని ఉంటుంది. మికి బియాసియోన్ 1988, 89ల్లో సఫారీ గెలిచిన లాన్చియా డెల్టాలు కొనేటప్పుడు ముందు ఇదే చూడండి, మార్టినీ (మద్యం కంపెనీ) చారల అందం తర్వాత.

ఎనిమిదీ అయ్యాక, ఆ పక్కనే పెట్టుకోడానికి నాకిష్టమైన వింత బండి ఒకటుంది. 1987లో హన్ను మికోలా గెలిచిన ఆడి 200. గ్రూప్ బి అనే అతి వేగపు తరగతి బండ్లని 1986తో ఆపేశాక, పెద్దమనుషులు ఆఫీసుకి వెళ్లే పొడుగు సెడాన్‌ని తెచ్చి ఆ బురదలో దించారు, గెలిచారు. ఆడి అంటే అందరూ క్వాట్రోనే అడుగుతారు, దీన్ని అడిగేవాళ్లు తక్కువ. క్వాట్రోయే కావాలంటే మాత్రం 1981 సాన్‌రెమో ర్యాలీది చూడండి. మిషెల్ మూటన్ తోలింది, పక్కన ఫాబ్రిజియా పోన్స్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ర్యాలీని ఒక మహిళ గెలవడం అదే మొదటిసారి. మీ ఇంట్లో ఆడపిల్లలుంటే ఎనిమిదింటినీ పక్కన పెట్టి ముందు దీన్నే కొనండి.

సైజు విషయానికి వద్దాం. నేను చెప్పినట్టు తేదీ పట్టుకుని కొంటే సైజు అదే తేలిపోతుంది. అసలు మినీ పొడవు మూడు మీటర్ల పైచిలుకు. 1:64లో అది 5 సెంటీమీటర్లకి కొంచెం తక్కువ, 1:43లో 7. నంబరు ప్లేటు మీద అక్షరం ఎత్తు 9 సెంటీమీటర్లనుకుంటే, 1:64లో అది 1.4 మిల్లీమీటర్లు, 1:43లో 2 మిల్లీమీటర్లు. మా వయసు వాళ్లం 33 ఈజేబీ అని కళ్లజోడుతో చదవగలిగేది రెండో దాన్లోనే. తలుపు కింద డ్రైవరు పేరు, కో-డ్రైవరు పేరు, పక్కన చిన్న జెండా, ఇవన్నీ 1:43లో కనబడతాయి. 1:64లో మంచి కంపెనీ అయితే ఉంటాయి, చూడ్డానికి భూతద్దం కావాలి.

ఇంకో మాట. మీ దగ్గరున్న హాట్ వీల్స్ నిజానికి 1:64 కావు. పేరుకి ఆ వర్గం కిందికి వస్తాయి గానీ, లారీ అయినా మినీ అయినా ఒకే అట్ట మీద సరిపోయేలా సాగదీసో కుదించో చేస్తారు. ఆడుకోడానికి పుట్టిన బండ్లవి. వాటిని తప్పు పట్టక్కర్లేదు. కొలత ప్రకారం 1:64 కావాలంటే మినీ జీటీ, ఇన్నో64, టార్మాక్ వర్క్స్ లాంటి కంపెనీలవి చూడాలి. చోటు తక్కువైతే, తొంభైల తర్వాతి సుబారు ఇంప్రెజాలు, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్లు ఎక్కువ ఇష్టమైతే 1:64లోనే ఉండండి, వాటికి అక్కడ కొదవ లేదు. పాత సఫారీ, పాత మోంటే అయితే 1:43కి రాక తప్పదు. ఈ సైజు ఒకప్పటి ఓ గేజ్ బొమ్మ రైళ్ల పక్కన పెట్టుకోడానికి పుట్టింది. అందుకే యూరప్‌లో పాత బండ్లన్నీ ఇందులోనే చేశారు.

1:43లో కొనేటప్పుడు ‘రెజిన్’ (ఒక రకం ప్లాస్టిక్) అని రాసుంటే అది డై-కాస్ట్, అంటే జింక్ లోహంతో పోసింది, కాదని గుర్తు పెట్టుకోండి. గీతలు చాలా పదునుగా ఉంటాయి, ధర కూడా. కానీ మన మే నెల ఎండలో, డాబా కింద పై అరలో పెడితే సన్నటి స్పాయిలర్లు వంగుతాయి. మా పాలకొల్లు వైపు ఏసీ లేని గదిలో దానికి ఓటు వెయ్యను. జింక్ బండే బెస్టు.

జింక్‌కీ ఒక జబ్బుంది. డై-కాస్ట్ అంటే జింక్‌లో నాలుగు శాతం దాకా అల్యూమినియం, కొద్దిగా ఇతర లోహాలు కలిపి, కరిగించి అచ్చులోకి ఒత్తిడితో కొట్టడం. ఆ మిశ్రమంలో సీసం లాంటి మలినం కలిసిందంటే, ఏళ్లు గడిచాక లోహం లోపల్నుంచి తినేసుకుపోతుంది. వేడి, తేమ ఉంటే ఇంకా తొందరగా. ముందు రంగు కింద ఎండిన చెరువు మట్టిలా సన్నటి బీటలు వస్తాయి, తర్వాత బానెట్ ఉబ్బుతుంది, బేస్ వంగుతుంది, చివరికి పొడి అవుతుంది. 1930ల నాటి ఇంగ్లండు డింకీ కంపెనీ బొమ్మకార్లు చాలా ఇలాగే పోయాయి. కొత్త బండ్లలోనూ అప్పుడప్పుడు తగులుతుంది. మందు లేదు. పక్క బండికి అంటుకోదు, ఆ భయం వద్దు. పాత బండి కొనేటప్పుడు ఏటవాలు వెలుతుర్లో టాపు మీద, తలుపుల అంచుల్లో చూసుకుంటే చాలు.

రంగుల అచ్చు నాణ్యత కూడా అలాగే పట్టుకోవచ్చు. ఈ గీతలు, నంబర్లు మెత్తటి రబ్బరు లాంటి ప్యాడ్‌తో ముద్ర వేస్తారు, టాంపో అంటారు. ఒక్కో రంగుకి ఒక్కో ముద్ర. మార్టినీ చారల్లాంటివి తలుపు గీత దాటి మడ్‌గార్డు మీదికి వెళ్లే చోట చూడండి. చార విరిగినట్టు, అర మిల్లీమీటరు పక్కకి జరిగినట్టు ఉంటే తొందరపడి చేసిన బండి. సిగరెట్ పేర్లు లేకపోతే మాత్రం లోపం అనుకోకండి. రోత్‌మన్స్ పోర్షాల మీద, మార్ల్‌బొరో బండ్ల మీద పొగాకు ప్రకటనల నిషేధం వల్ల ఆ పేర్లు వదిలేసి, ఉత్త రంగులు వేసి అమ్ముతారు. కావాలంటే నీళ్లలో నానబెట్టి అంటించే డెకాల్స్ విడిగా దొరుకుతాయి. చెయ్యి వణకనివాళ్లు ప్రయత్నించొచ్చు.

ఎక్కడ దొరుకుతాయంటే, రాజమండ్రి, కాకినాడ, భీమవరం సూపర్ మార్కెట్లలో వచ్చేవి మెయిన్‌లైన్ బండ్లు. అవీ కంపెనీ అట్టపెట్టె (కేసు) విప్పిన పూటే ఎవరో ఎత్తుకుపోతారు, రెండ్రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో మూడింతలకి కనబడతాయి. దాని గురించి బీపీ పెంచుకోకండి, ర్యాలీ దారిలో మీకు వాటితో పెద్దగా పని లేదు. పార్శిల్‌లో విదేశాల నుంచి తెప్పించుకుంటే సుంకం వాచిపోతుంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. కోనసీమలో మనకున్న అసలు దారి గల్ఫ్. మీ బావగారో, పక్కింటి కుర్రాడో కువైట్‌లోనో దోహాలోనో ఉండే ఉంటారు. అక్కడి పెద్ద మార్కెట్లలో మజొరెట్ కంపెనీ బండ్లు మామూలు ధరకే దొరుకుతాయి. ఏది కావాలో ఫొటో, నంబరుతో సహా పంపండి. “కారు బొమ్మ తెండి బావా” అంటే లైట్లు వెలిగే రిమోట్ కారు తెస్తాడు. అలాగే పెట్టె పారెయ్యద్దని ముందే చెప్పండి. బరువు తగ్గుతుందని ఊరికే విప్పేసి, బట్టల్లో చుట్టేస్తుంటారు, పక్క అద్దాలు విరిగిపోతాయి.

యూరప్‌లో వారం వారం పత్రికతో పాటు ఒక బండి ఇచ్చే పద్ధతి ఉంది. ఆ ర్యాలీ సిరీస్‌ల బండ్లు సెకండ్ హ్యాండ్‌లో మన దేశానికీ వస్తాయి. చాలావరకు ఐక్సో లాంటి మంచి కంపెనీల అచ్చులే, లోపలి హంగులు కొంచెం తగ్గిస్తారు. మీలాంటి వాళ్లు మొదలుపెట్టడానికి వాటిని మించింది లేదు. ముందుగా డబ్బు కట్టించుకునే ప్రీ-ఆర్డర్ల జోలికి మాత్రం, మనిషి ముఖపరిచయం ఉంటే తప్ప వెళ్లకండి. నా డబ్బులు ఒక గ్రూపులో ఇప్పటికీ ‘వచ్చే షిప్‌మెంట్’లోనే ఉన్నాయి.

పాత సామాన్లు కొనేవాళ్ల దగ్గర కూడా ఒక చూపు వేసి ఉంచండి. డింకీ వాళ్ల అరిగిన అచ్చులు ఒకప్పుడు కలకత్తా చేరి, అక్కడ ‘నికీ టాయ్స్’ పేరుతో బండ్లు తయారయ్యాయి. ఆ తర్వాత లియో-మాటెల్ పేరుతో హాట్ వీల్స్ మన దేశంలోనే చేశారు. రంగు పోయినా, చక్రం ఊడినా వాటికి అడిగేవాళ్లున్నారు. పిల్లలు ఆడి పారేసినవి అటకల మీద ఇంకా ఉంటాయి. బేస్ మీద పేరు చదవకుండా ఇనప సామాన్లలో వెయ్యనివ్వకండి.

ఇప్పుడు మీ బీరువా. మెయిన్‌లైన్ కార్ల చక్రాలు గట్టి ప్లాస్టిక్, వాటికి జిగురు పట్టదు. మీరు చెప్పిన జిగురు రబ్బరు టైర్లున్న ప్రీమియం బండ్లదే అయ్యుండాలి. మెత్తటి టైర్లలో ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం కలుపుతారు. వేడికి, గాలాడని చోట అది పైకి ఊరుతుంది. ఆ టైరు నేరుగా ప్లాస్టిక్ పెట్టె మీద ఆనిందంటే, ఆ పదార్థం పెట్టెని కూడా కరిగించి గుంట చేస్తుంది. టైర్లని గోరువెచ్చటి సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఒక్కో చక్రం కింద పలచటి అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టండి. 1:43 బండ్లయితే బేస్ కింద చిన్న అట్టముక్క పెట్టి, చక్రాలు నేలకి వెంట్రుక వాసి పైకి లేచేలా నిలపండి. బరువు మొత్తం టైర్ల మీదే ఏళ్ల తరబడి ఉంటే అవి అడుగున చదునైపోతాయి.

బీరువాలో కలరా ఉండలు వేశారా? వేసే ఉంటారు, మన ఇళ్లల్లో వెయ్యని బీరువా ఉండదు. ఈ రోజే తీసెయ్యండి. ఆ ఆవిరి పట్టుచీరలకి మంచిదేమో గానీ, బండి అద్దాలు, లైట్లు, పారదర్శకమైన పెట్టెలు చేసే ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. కర్పూరం కూడా వద్దు. కొత్త ప్లైవుడ్ అరలైతే వాటి వాసన పూర్తిగా పోయేదాకా బండ్లు పెట్టకండి. ఆ చెక్కల్లోంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు జింక్‌కి పడవు. స్పాంజి షీట్లు పరచడం చూడ్డానికి బావుంటుంది, నాలుగేళ్లకి ఆ స్పాంజి పొడిగా రాలి రంగుకి అతుక్కుంటుంది.

తుప్పు సంగతి. బండి జింక్ అయినా ఇరుసు స్టీలు. గోదావరి జిల్లాల్లో వానాకాలం గాలిలో తేమ 80 శాతం దాటి కూర్చుంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపైతే ఉప్పు గాలి కూడా తోడు. కుట్టుమిషన్ ఆయిల్ ఒక చుక్క గుండుసూది మొన మీద తీసుకుని, చక్రానికీ బేస్‌కీ మధ్య సందులో ఇరుసుకి తాకించండి. చుక్కలో సగం చాలు, మిగిలింది బట్టతో అద్దెయ్యండి. స్ప్రే డబ్బాలు కొట్టకండి, ముద్రలు లేచిపోవచ్చు. చేతికి అందుబాటులో ఉందని కొబ్బరి నూనె మాత్రం పెట్టద్దు. చలికాలం రాత్రుల్లో గడ్డకడుతుంది, ఆ తర్వాత కంపు కొడుతుంది, చీమలు బండెక్కుతాయి.

తేమ తగ్గించడానికి బీరువా మొత్తంతో కుస్తీ పట్టకండి. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి, ఒక్కో దాన్లో సిలికా జెల్ సంచులు, ఒక చిన్న తేమ మీటరు పెట్టండి. ముల్లు 40, 50 మధ్య ఉంటే చాలు. రంగు మారే జెల్ కొనండి, నారింజ రంగుది. నీలం రంగుదాన్లో కోబాల్ట్ ఉంటుంది, వంటింట్లోకి తేవద్దు. నారింజది తేమ పీల్చి రంగు మారాక, పాత మూకుడులో సన్నటి సెగ మీద వేయిస్తే మళ్లీ పనికొస్తుంది. ఆ మూకుడు ఇంక దానికే, వంటకి కాదు. బియ్యం మూటకట్టి పెట్టమనేవాళ్లు కూడా ఉంటారు, వరి పండే ఊళ్లో ఆ సలహా ఎలాగూ వస్తుంది. బియ్యం పీల్చేది తక్కువ, పురుగు పట్టడం ఎక్కువ. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే గదిలో అద్దాల షోకేసు పెడితే ఇంకో ఇబ్బంది. కరెంటు పోయి బయటి తడిగాలి లోపలికి రాగానే చల్లబడ్డ లోహం మీద చెమ్మ పడుతుంది. ఏసీ గదికన్నా, గాలాడే మామూలు గదిలో మూసిన డబ్బా నయం.

తుఫాను కబురు రాగానే డబ్బాలు కింద అరల్లోంచి మంచం ఎత్తుకి తెచ్చెయ్యండి. 1996 నవంబరు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వరద నీళ్లు తగిలితే బండిని బట్టతో తుడవద్దు, ఒండ్రు ఉప్పుకాగితంలా గీరేస్తుంది. ముందు మంచినీళ్లు ధారగా పోసి కడిగి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టి, తర్వాత ఇరుసులకి ఆయిల్.

ఫొటోలు తీసుకోడానికి బురద దారి చెయ్యాలనిపిస్తే, మనకి కొబ్బరి పొట్టు ఉండగా ఏదీ కొనక్కర్లేదు. నూలు గుడ్డలో జల్లించి, ఫెవికాల్ నీళ్లతో అట్ట మీద పరిచి, రెండ్రోజులు ఎండబెడితే సఫారీ దారి తయారు. సముద్రపు ఇసక వద్దు, ఉప్పు. ఏటి ఇసక కూడా ఎంత సన్నదైనా ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒక మిల్లీమీటరు రేణువు 1:43 బండి పక్కన 4 సెంటీమీటర్ల గులకరాయి అవుతుంది. ఫోను కెమెరాని బల్లకి ఆనించి, బండి అద్దం ఎత్తు నుంచి తియ్యండి. పైనుంచి తీస్తే ఏ బండైనా బొమ్మలాగే ఉంటుంది. పని అయ్యాక బండిని ఆ పొట్టు మీదే వదిలెయ్యకండి, అది తేమ పట్టి ఉంచుతుంది.

కార్డు విప్పాలా అన్నారు. అట్ట మీద ధర నిలవాలంటే ఆ అట్ట మడత పడకూడదు, మచ్చ రాకూడదు, పై ప్లాస్టిక్ పసుపెక్కకూడదు. మన దగ్గర మూడు వానాకాలాలకి ఆ మూడూ జరుగుతాయి. అట్ట విల్లులా వంగుతుంది, వెనక గోధుమ రంగు చుక్కలు పడతాయి. ఏసీలో, తేమ పట్టని డ్రై క్యాబినెట్‌లో పెట్టగలిగేవాళ్ల సంగతి వేరు. మీ వందలో హాట్ వీల్స్ వాళ్లు అరుదుగా కలిపే సూపర్ ట్రెజర్ హంట్ బండి ఏదైనా ఉందేమో మాత్రం ముందు చూసుకోండి. ఒంటి మీద చిన్న ‘టీహెచ్’ గుర్తు, లోహంలా మెరిసే రంగు, రబ్బరు టైర్లు, బండి వెనక అట్ట మీద బంగారు రంగు గుండ్రటి మంట బొమ్మ ఉంటాయి. ఉంటే దాన్ని అలాగే డబ్బాలో పెట్టి, అమ్మేటప్పుడు ఆ డబ్బుతో మెహతా 240జడ్ కొనుక్కోవచ్చు. విప్పి అమ్ముతున్న ట్రెజర్ హంట్ కొనాల్సొస్తే బేస్ మీద రివెట్లు చూడండి. డ్రిల్లుతో తొలిచిన మెరుపో, జిగురో కనబడితే చక్రాలు మార్చిన బండి.

మిగతావన్నీ విప్పెయ్యండి. చించకండి. అట్ట కింది అంచు దగ్గర ప్లాస్టిక్ అతుకు కింద సన్న బ్లేడు పడుకోబెట్టి మూడు వైపులా తెరిస్తే, బండి కిందికి జారుతుంది, అట్ట బాగానే ఉంటుంది. అట్టల్ని పుస్తకంలో పెట్టి, వెనక ఆ బండి ఏ ర్యాలీది, ఎవరిది, ఏ ఏడాదిదో పెన్సిలుతో రాసుకోండి, పెన్ను తడికి పాకుతుంది. ఏం రాయాలో తెలియనివి పక్కన పెట్టండి. అమ్మకానికి ముందు వెళ్లాల్సినవి అవే.